పదిహేడు నెలల బాబు నడక, మాట: ఎక్కడ ఆగవచ్చు, ఎక్కడ ఆగకూడదు

అమ్మా, మీరు రాసినది రెండుసార్లు చదివాను. మీ బాబుకు 17 నెలలు నిండాయి. 34 వారాలకే పుట్టి, పది రోజులు నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో ఉన్నాడు. అక్కడ పచ్చకామెర్లకు నీలి దీపాల కింద ఉంచారు. మోకాళ్ళ మీద ఎన్నడూ పాకలేదు, పిర్రల మీద జరుగుతూనే ఇల్లంతా తిరిగాడు, ఇప్పుడు గోడనో మంచాన్నో పట్టుకొని నాలుగడుగులు వేస్తున్నాడు. స్పష్టమైన మాట ఒక్కటీ రాలేదు. పేరు పెట్టి పిలిస్తే ఒకసారి తిరుగుతాడు, ఒకసారి తిరగడు. పార్వతీపురంలో ఉన్న మీ అమ్మగారు వస పోయమంటున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా వినడం వల్లనే మాట రావడం లేదని రాయగడలో మీ అత్తగారు అంటున్నారు. మీ ఆడపడుచు పాప పదో నెలలోనే నడిచిందన్న మాట ఇంట్లో రోజూ వినబడుతోంది. ఆగాలా, ఆసుపత్రికి వెళ్ళాలా అని మీరు అడిగారు.

నడక విషయంలో కొంతకాలం ఆగవచ్చు. మాట విషయంలో ఒక్క వారం కూడా ఆగవద్దు. పర్లాకిమిడిలోనూ గుణుపురంలోనూ ఇరవై ఏళ్ళకు పైగా పిల్లల వైద్యం చేసిన అనుభవంతో ఈ రెండు మాటలూ చెబుతున్నాను. ఇంత తేడాగా ఎందుకు చెబుతున్నానో వివరంగా రాస్తాను, ఎందుకంటే కారణం తెలిస్తేనే ఇంట్లో పెద్దవారికి మీరు నచ్చజెప్పగలుగుతారు.

ముందుగా బాబు వయసును సరిగ్గా లెక్కవేద్దాం. బిడ్డ కడుపులో ఉండవలసినది 40 వారాలు. మీ బాబు ఆరు వారాలు ముందుగా వచ్చాడు. ఆ ఆరు వారాలలో జరగవలసిన మెదడు ఎదుగుదల బయటికి వచ్చాక జరిగింది కాబట్టి, రెండేళ్ళు నిండేవరకూ ఎదుగుదలను కొలిచేటప్పుడు ఆ వారాలను వయసులోనుంచి తీసివేయాలి. అంటే టీకాల లెక్కకు అతనికి 17 నెలలే గాని, నడకకూ మాటకూ పదిహేనున్నర నెలలు. నెల తక్కువ బిడ్డను నెలలు నిండిన బిడ్డ పక్కన నిలబెట్టి పోల్చడం అన్యాయమని మీ ఇంట్లో అందరికీ ముందుగా చెప్పండి.

మన ఇళ్ళలో బిడ్డ ఎదుగుదలను గుర్తుపెట్టుకోవడానికి ఒక చక్కని పద్ధతి ఉండేది. బోర్లాపడితే బొబ్బట్లు, పాకితే పాయసం, అడుగులేస్తే అరిసెలు, పలికితే పంచదార చిలకలు, గడప దాటితే గారెలు చేసి పంచేవారు. ప్రతి మెట్టునూ ఇంటిల్లిపాదీ గమనించేవారన్నదానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. ఆ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చే విషయం, ఏ పిండివంటకూ నెల నిర్ణయించకపోవడం. బిడ్డ ఎప్పుడు అడుగులేస్తే అప్పుడే అరిసెలు. పక్కింటి బిడ్డ తేదీతో పోల్చి చూసుకోవడం మనకు తరువాత వచ్చిన అలవాటు.

అయితే నెలలు తెలియకుండా ఉండటమూ మంచిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశం, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో ఆరోగ్యంగా పెరుగుతున్న పిల్లలను నెలనెలా గమనించి, ఒక్కొక్క మెట్టుకు ఎంత వ్యవధి సహజమో 2006లో ప్రకటించింది. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నెలల నుంచి 9.2 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. పట్టుకొని నడవడం 5.9 నుంచి 13.7 నెలల మధ్య వస్తుంది. ఏ ఆసరా లేకుండా నడవడానికి 8.2 నుంచి 17.6 నెలల వరకూ వ్యవధి ఉంది. అంటే తొమ్మిది నెలలకు నడిచిన బిడ్డా, పదిహేడు నెలలకు నడిచిన బిడ్డా ఇద్దరూ ఆరోగ్యవంతులే. తొందరగా నడిచిన బిడ్డ తరువాత ఎక్కువ తెలివిగలవాడవుతాడన్నది కూడా నిజం కాదు. మీ ఆడపడుచు పాప ఆ వ్యవధిలో మొదటి కొసకు దగ్గరగా ఉంది, మీ బాబు సవరించిన వయసు ప్రకారం ఇంకా ఆ వ్యవధి లోపలే ఉన్నాడు.

పాకలేదన్న బెంగ కూడా వద్దు. అదే పరిశీలనలో నూటికి సుమారు నలుగురు పిల్లలు మోకాళ్ళ మీద పాకకుండానే నడకలోకి వెళ్ళారు. పిర్రల మీద జరిగే పిల్లలను నేను ఏటా చూస్తూనే ఉంటాను. వారికి చేతులు ఖాళీగా ఉండి, చూపు ముందుకు సాగి, కావలసిన చోటికి సులువుగా చేరుకోగలుగుతారు కాబట్టి లేచి నిలబడవలసిన అవసరం త్వరగా కలగదు. అందుకే వారిలో చాలామంది ఏడాదిన్నర దాటాకనే నడుస్తారు. వాళ్ళ నాన్నో మేనమామో చిన్నప్పుడు ఇలాగే జరిగేవాడని నాయనమ్మలో అమ్మమ్మలో గుర్తు చేసుకోవడం కూడా సాధారణమే. మీ ఇంట్లోనూ ఒకసారి అడిగి చూడండి.

నడక విషయంలో కంగారు పడవలసిన గుర్తులు వేరే ఉన్నాయి. ఒక కాలు ఈడ్చడం, ఎప్పుడూ మునివేళ్ళ మీదనే నిలబడటం, ఎత్తుకున్నప్పుడు కాళ్ళు కత్తెరలా బిగుసుకోవడం, లేదా గుడ్డబొమ్మలా ఒళ్ళు వాలిపోవడం వాటిలో ముఖ్యమైనవి. ఏడాదిలోపే ఒకే చేతిని వాడటం కూడా అలాంటి గుర్తే. బిడ్డ ఎడమచేతి వాటం వాడని సంతోషిస్తూ తీసుకువచ్చినవారిని నేను చాలాసార్లు చూశాను. ఆ వయసులో అది వాటం కాదు, రెండో చేయి బలహీనంగా ఉందేమో పరీక్షించమని చెప్పే హెచ్చరిక. ఇవేవీ లేకపోయినా, సవరించిన వయసు 18 నెలలు దాటిన తరువాత కూడా ఆసరా లేకుండా నాలుగడుగులు పడకపోతే వైద్యుడు ఒళ్ళంతా పరీక్షించాలి. మగపిల్లలకు కండరాల జబ్బు లేదని తేల్చుకోవడానికి సి.పి.కె. అనే రక్త పరీక్ష కూడా చేయించాలి. మీకు ఇంకా రెండున్నర నెలల వ్యవధి ఉంది.

ఆ వ్యవధిలో చక్రాల వాకర్ మాత్రం కొనకండి, ఎవరైనా ఇచ్చినా వాడకండి. బిడ్డ అందులో కూర్చుని మునివేళ్ళతో నేలను తోస్తాడు తప్ప బరువు మోయడమూ నిలదొక్కుకోవడమూ నేర్చుకోడు. పైగా మెట్ల మీదనుంచి, గడప మీదనుంచి దొర్లి తల పగిలే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదాల కారణంగానే కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకాన్ని నిషేధించారు. మన తాతల నాటి మూడు చక్రాల చెక్క బండి వేరు. దానిని వెనక నిలబడి తోయాలి, తన బరువు తనే మోయాలి. బాబు పట్టుకొని నిలబడగలుగుతున్నాడు కాబట్టి, చదునైన నేల మీద, మీరు పక్కన ఉండగా, వట్టి కాళ్ళతో ఆ బండిని తోయనివ్వవచ్చు.

ఇక మాట. ఇక్కడ నేను మెత్తగా చెప్పలేను.

మాట అంటే నోటినుంచి వచ్చే పదం ఒక్కటే కాదు. రెండో నెలలో మీ ముఖం చూసి నవ్వడంతో, ఉంగా ఉంగా అనడంతో అది మొదలవుతుంది. ఆరో నెల దాటాక తాతాతా, బబబ అంటూ అక్షరాలు దొర్లించడం వస్తుంది. తొమ్మిదో నెల ప్రాంతంలో తన పేరు వింటే తిరగడం, ఏడాది నాటికి టాటా ఊపడం, దండం పెట్టడం, చేతులు చాచి ఎత్తుకోమనడం కనిపించాలి. ఆ తరువాత కావలసినదానిని వేలితో చూపించడం, ఇంకొంత కాలానికి కావలసినవి కాకపోయినా వింతగా కనిపించినవాటిని మీకు చూపించి మీ ముఖంలోకి చూడటం రావాలి. గోడ మీద బల్లిని చూపించి మీవైపు తిరిగి నవ్వే బిడ్డ, నోట మాట లేకపోయినా, మీతో సంభాషణ మొదలుపెట్టినట్టే. పిల్లల వైద్యులు ఎక్కువగా వెతికేది ఆ వేలినీ ఆ చూపునూ. 16 నెలలకు ఒక్క పదమూ రాకపోతే, రెండేళ్ళకు 'బువ్వ వద్దు', 'అమ్మ రా' వంటి రెండు పదాల కలయిక లేకపోతే పరీక్ష తప్పనిసరి. ఏ వయసులోనైనా సరే, వచ్చిన మాటా ఆటా పోతే వెంటనే చూపించాలి.

మీ బాబు సవరించిన వయసు పదిహేనున్నర నెలలు కాబట్టి, పదాల లెక్కన చూస్తే ఇంకా ఆ గీత దగ్గరే ఉన్నాడు. కాని అతను పిలుపుకు ఒకసారి తిరిగి ఒకసారి తిరగడం లేదు. నెలలు నిండకుండా పుట్టాడు, ప్రత్యేక విభాగంలో ఉన్నాడు, దీపాల కింద ఉంచవలసినంత కామెర్లు వచ్చాయి. ఈ మూడూ వినికిడికి ముప్పు తేగలిగినవే. అందువల్ల ముందు చెవులను పరీక్షించాలి, తరువాతనే మిగిలినవన్నీ.

పుట్టినప్పుడు ఆసుపత్రిలో చెవి పరీక్ష చేసి బాగుందన్నారని మీరు రాశారు. ఆ పరీక్ష చాలాచోట్ల ఓ.ఎ.ఇ. అనే చిన్న యంత్రంతో చేస్తారు. అది లోచెవిలోని సన్నని వెంట్రుకల వంటి కణాలు పనిచేస్తున్నాయో లేదో చెబుతుంది. అక్కడినుంచి శబ్దం నరం గుండా మెదడుకు చేరుతోందో లేదో అది చెప్పలేదు. కామెర్లు ఎక్కువైన పిల్లల్లో కొందరికి దెబ్బ తగిలేది ఆ నరానికే. వారు మొదటి పరీక్షలో నెగ్గుతారు, కాని మాట స్పష్టంగా వినలేరు. అందుకే అలాంటి పిల్లలకు, శబ్దం నరం గుండా మెదడుకు చేరుతోందో లేదో చూసే బెరా అనే పరీక్ష కావాలి. మీరు వైద్యుని అడగవలసినది ఆ పేరుతోనే.

టీవీ పాటకు తిరుగుతున్నాడు కాబట్టి చెవులు బాగానే ఉన్నాయని అనుకోవద్దు. కొందరు పిల్లలకు లావు శబ్దాలు వినబడతాయి, స, శ వంటి సన్నని శబ్దాలు వినబడవు. అలాంటివారు తలుపు చప్పుడుకు ఉలిక్కిపడతారు, మాట మాత్రం అందుకోరు. ఇంట్లో పళ్ళెం మోగించి చూసేటప్పుడు మన నీడను చూసో, గాలి కదలిక తెలిసో బిడ్డ తిరగవచ్చు. మాటిమాటికీ జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరి, కొన్ని వారాలు వినబడి కొన్ని వారాలు వినబడకపోవడమూ ఉంది. అది మందులతోనో చిన్న శస్త్రచికిత్సతోనో బాగయ్యే సమస్య. స్నానం చేయించేటప్పుడు చెవుల్లో, ముక్కులో నూనె చుక్కలు వేసే అలవాటు మీ ఇంట్లో ఉంటే దానిని ఈ రోజుతో మానిపించండి. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, చెవిలో చీముకు దారితీయవచ్చు.

మన తెలుగు కుటుంబాలకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటుంది. మేనరికాలలో పుట్టిన పిల్లల్లో పుట్టు చెవుడు ఎక్కువగా కనిపిస్తుంది. మీరు ఆ విషయం రాయలేదు. మీది మేనరికమే అయితే వైద్యునితో దాచకుండా చెప్పండి. అందులో ఎవరి తప్పూ లేదు.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి నా సొంత అనుభవం కారణం. వృత్తిలో కొత్తగా ఉన్న రోజుల్లో, రెండేళ్ళ బిడ్డను తీసుకువచ్చిన ఒక తండ్రితో, మగపిల్లలకు మాట ఆలస్యమవుతుంది, మరో ఆరు నెలలు చూద్దామని చెప్పాను. వారు ఏడాదిన్నరకు గాని తిరిగి రాలేదు. అప్పటికి బాబుకు మూడున్నరేళ్ళు, రెండు చెవులూ వినబడవని తేలింది. చెవుడును మూడు నెలలలోపు గుర్తించి ఆరు నెలలలోపు సహాయం మొదలుపెట్టాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న లక్ష్యం, ఎందుకంటే మాటను పట్టుకునే శక్తి మెదడుకు మొదటి మూడేళ్ళలో ఉన్నంతగా తరువాత ఉండదు. ఆ తండ్రి నా మాట నమ్మి ఆగాడు. ఆ తరువాత మాట రాని బిడ్డ విషయంలో 'చూద్దాం' అన్న పదం నేను వాడలేదు.

రెండు భాషల సంగతికి వస్తే, మీ అత్తగారి అనుమానం చాలామందికి ఉన్నదే, కాని అది సరికాదు. రెండు భాషలు వింటూ పెరిగే పిల్లలకు మొదటి మాటలు ఒక భాష వినే పిల్లలతో సమానంగా అదే వ్యవధిలో వస్తాయి. మనం లెక్కపెట్టడంలోనే పొరపాటు చేస్తాం. మీతో 'బువ్వ' అని, పక్కింటి ఒడియావారితో 'పాణి' అని అనే బిడ్డకు ఒక్కొక్క భాషలో ఒక్కొక్క మాటే కనిపిస్తుంది. కాని అతనికి వచ్చినవి రెండు మాటలు. రెండు భాషలనూ కలిపి లెక్కించాలి. గుణుపురం సంతకు వచ్చే సవర కుటుంబాల పిల్లలు ఇంట్లో సవర భాష, అంగన్‌వాడీలో ఒడియా, బజారులో తెలుగు వింటూ పెరుగుతారు. మూడు భాషలు విన్నందువల్ల మూగవాడైన బిడ్డను నేను ఒక్కణ్ణీ చూడలేదు. పిలిస్తే తిరగకపోవడానికీ, వేలితో చూపించకపోవడానికీ రెండు భాషలు ఎన్నటికీ కారణం కాలేవు. ఈ నమ్మకం వల్ల జరిగే అసలు నష్టం ఆలస్యమే. అంతేకాదు, తెలుగు మాని వచ్చీరాని ఒడియాలోనో హిందీలోనో బిడ్డతో మాట్లాడమని కొందరు సలహా ఇస్తారు; దయచేసి ఆ పని చేయకండి. మీకు ధారాళంగా, ప్రేమగా వచ్చే భాషలోనే మాట్లాడండి.

వస గురించి మీ అమ్మగారికి గౌరవంగానే చెప్పండి. ఎక్కువగా మాట్లాడే పిల్లలను వసపిట్ట అనడం మన భాషలోనే ఉంది, కాబట్టి ఆ నమ్మకం ఎంత పాతదో నాకు తెలుసు. కాని వస కొమ్ము అరగదీసి నాకించినందువల్ల మాట రాదు. దానిలో ఉండే బీటా ఆసరోన్ అనే పదార్థం మంచిది కాదు. వస నాకించిన పసిపిల్లలు ఆగకుండా వాంతులు చేసుకొని ఆసుపత్రికి వచ్చిన సందర్భాలున్నాయి. నాలుక కింద తీగ కోయిస్తే మాట వస్తుందన్న సలహా కూడా మీకు త్వరలో ఎవరైనా ఇస్తారు. ఆ తీగ బిగువుగా ఉంటే పసిబిడ్డకు పాలు తాగడం కష్టం కావచ్చు, పెద్దయ్యాక కొన్ని అక్షరాల ఉచ్చారణ కొంచెం మారవచ్చు. అసలు మాటే రాకపోవడానికి అది కారణం కాదు.

చెవులు బాగున్నాయని తేలితే, తరువాత ఆటిజం, అంటే ఇతరులతో కలవడంలోనూ మాటలోనూ తేడా కనిపించే ఎదుగుదల సమస్య, లక్షణాల గురించి పరిశీలిస్తారు. 16 నెలల నుంచి 30 నెలల మధ్య పిల్లలకు ఎం-చాట్ అనే ప్రశ్నావళి ఉంది. తల్లిదండ్రులు అవును, కాదు అని జవాబులు చెబితే సరిపోతుంది. బాబు తనకు కావలసినదాని దగ్గరికి మీ చేయి పట్టుకొని లాక్కుపోతాడని మీరు రాశారు గాని, వేలితో చూపిస్తాడో లేదో రాయలేదు. ఈ వారమంతా ఆ ఒక్క విషయాన్నీ గమనించండి. ఆటిజం అన్న పేరు వినగానే భయపడవద్దు. ప్రశ్నావళిలో అనుమానం వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, నిపుణుడు చూడాలని మాత్రమే దాని అర్థం.

వచ్చినవి పోవడం గురించి మరొక్క మాట. తల్లి బొత్తిగా మాంసాహారం తీసుకోకుండా, పాలూ పెరుగూ కూడా అంతంతమాత్రంగా తింటూ, ఏడాది దాటినా బిడ్డకు ఎక్కువగా తన పాలే ఇస్తుంటే, బి12 విటమిన్ లోపించి బిడ్డ పాలిపోయి, మందకొడిగా మారి, నవ్వూ ఆటా తగ్గిపోయి, చేతులు వణకడం కూడా జరుగుతుంది. త్వరగా గుర్తించి బి12 ఇస్తే తేరుకుంటారు. మీ బాబుకు ఈ లక్షణాలు కనిపించడం లేదు. అయినా రక్తహీనత పరీక్ష చేయించండి. ఆరు నెలలు దాటిన పిల్లలకు వారానికి రెండుసార్లు 1 మి.లీ. చొప్పున ఇచ్చే ఐరన్ సిరప్ ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతుంది.

ఎక్కడికి వెళ్ళాలన్నది చెబుతాను. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలి. ఎదుగుదలలో ఆలస్యమూ చెవుడూ వారు చూడవలసిన జాబితాలో ఉన్నాయి. వారి రాక కోసం ఎదురుచూడకండి. జిల్లా కేంద్ర ఆసుపత్రికి వెళ్ళి, ఆ కార్యక్రమం కిందనే నడిచే డి.ఇ.ఐ.సి., అంటే పిల్లల ఎదుగుదల లోపాలను తొలిదశలోనే చూసే జిల్లా కేంద్రం, ఎక్కడుందో అడగండి. బెరా పరీక్ష అక్కడ వీలుకాకపోతే కోరాపుట్‌లోనో బరంపురంలోనో ఉన్న వైద్య కళాశాల ఆసుపత్రికి రాసివ్వమనండి. పుట్టింటివారి తోడు కావాలనుకుంటే విశాఖపట్నమూ మీకు రైలు దారిలోనే ఉంది. అంగన్‌వాడీలో ఇచ్చిన మాతా శిశు రక్షణ కార్డు ఒడియాలో ఉండటం వల్ల ఆంధ్ర నుంచి వచ్చిన కోడళ్ళు చాలామంది దానిని టీకాల పుస్తకంగానే దాచుకుంటారు. అందులో ఏ నెలకు ఏమి రావాలో బొమ్మలతో సహా ఉంటుంది. మీ వారితో ఒకసారి చదివించుకోండి.

పరీక్ష అయ్యేలోపు ఇంట్లో చేయవలసినవి కొన్నే. ఫోనూ టీవీ పూర్తిగా ఆపండి. రెండేళ్ళలోపు పిల్లలకు, దూరాన ఉన్న అమ్మమ్మతో వీడియోలో మాట్లాడటం తప్ప, తెర వద్దని భారత పిల్లల వైద్యుల సంఘం 2021లో స్పష్టంగా చెప్పింది. లాల పోసేటప్పుడు, బువ్వ తినిపించేటప్పుడు, అతని ముఖానికి మీ ముఖం ఎదురుగా ఉంచి, చేస్తున్న పనిని చిన్న చిన్న మాటల్లో చెప్పండి. ఏదైనా అడిగినప్పుడు వెంటనే చేతికివ్వకుండా, దాని పేరు పలికి, అతని కళ్ళు మీ వైపు తిరిగేవరకూ ఐదు క్షణాలు ఆగండి. దొర్లించిన ప్రతి శబ్దానికీ జవాబివ్వండి.

ఒక చిన్న జాగ్రత్తతో ఈ సమాధానం ముగిస్తాను, దీనివల్ల మీకొక వృథా ప్రయాణం తప్పవచ్చు. బెరా పరీక్ష బిడ్డ గాఢంగా నిద్రపోతున్నప్పుడు చేస్తారు. పరీక్ష రోజున బాబును తెల్లవారుజామునే లేపి, తలకు నూనె రాయకుండా స్నానం చేయించండి. తలకు అతికించే తీగలు నూనె ఉంటే నిలవవు. దారిలో ఎంత మారాం చేసినా రైలులో కునుకు తీయనివ్వకండి. పాలు పట్టడం ఎప్పుడు ఆపాలో, నిద్ర మందు ఇస్తారో లేదో అక్కడి వారిని ముందురోజే ఫోనులో అడిగి తెలుసుకోండి. పుట్టినప్పటి డిశ్చార్జి కాగితం వెంట ఉంచుకోండి. కామెర్లు ఎంతవరకు పెరిగాయో చెప్పే అంకె దానిలోనే ఉంటుంది.